ఒకవైపుకు చాలే బ్యాటరీ

పెంఘు దీవుల్లో చలికాలమంతా గాలి ఒక్క దిక్కు నుంచే వస్తుంది. ఈశాన్యం నుంచి వచ్చి, ఊరంతా ఉప్పు చల్లి, చెట్లన్నిటినీ ఒకే పక్కకు దువ్వేసి పోతుంది. ఇక్కడ ఏ ఊరు ఎంత దూరమని అడిగితే సరిగ్గా చెప్పేవాళ్లు తక్కువ. గాలితో పాటా, గాలికి ఎదురా అని వాళ్లే ఎదురడుగుతారు.

పిక్‌హా ఇంటి నుంచి ఆల్చిప్పలు ఒలిచే పాకకు పోవడం గాలితో పాటు. రావడం ఎదురు. పొద్దున వీపు మీద చెయ్యి వేసి తోసిన గాలే సాయంత్రం గుండెల మీద చెయ్యి పెట్టి ఆపేస్తుంది. ఆ దారిలో ఆమె ఏళ్ల తరబడి ఆడవాళ్ల సైకిలు తొక్కుతోంది. వెనక క్యారియరు మీద, పాత బొంత మడిచి కట్టిన మెత్త మీద, ఒకపక్కకు కాళ్లు వేసుకుని అత్తగారు కూర్చునేది. అత్తగారని చెప్పడమేగాని పిక్‌హా ఆమెను అమ్మా అనే పిలుస్తుంది. ఎనభై దాటిన మనిషి, ఎముకల మూట. అయినా కత్తి పట్టుకుంటే పాకలో ఆమె ముందున్నంత చిప్పల గుట్ట ఇంకెవరి ముందూ లేవదు.

ఇంట్లో ఇద్దరూ తక్కువ మాట్లాడుకునేవాళ్లు. కొడుకు పోయిన తల్లి, మొగుడు పోయిన భార్య. ఒకరి మొహం ఒకరు చూసుకుంటే మాట గొంతు దాటదు. గంజి కాచుకోవడానికి, ఎండుచేప వేయించుకోవడానికి, పోయిన పెద్దల పీట ముందు అగరొత్తి గుచ్చడానికి మాటలతో పనేముంది? సైకిలెక్కితే మాత్రం అమ్మ వేరే మనిషి. గాలికి ముక్కూ మూతీ కప్పి గుడ్డ కట్టుకుని, కోడలి నడుము చుట్టూ చేతులు వేసి, చెంప వీపుకు ఆనించి మొదలుపెట్టేది. ఎవరి కోడలు ఎవరిని ఏమందో, ఎవరింటి మేక ఎవరి కూరపాదు మేసిందో. మధ్యమధ్య పోయిన కొడుకు బూన్‌తెక్ చిన్నప్పటి సంగతులు కూడా, ఎవరింటి పిల్లాడి గురించో చెప్పినట్టు చెప్పేది. పిక్‌హా ఊఁ కొడుతూ తొక్కేది. ముందున్న మనిషి కళ్లు వెనకున్న మనిషికి కనిపించవు కదా.

మోకాళ్లే పిక్‌హాకు ఎదురు తిరిగాయి. ఆ ఏడు చలికాలం మొదట్లోనే సాయంత్రాలు దిగి తోసుకుంటూ రావలసి వచ్చింది. రేవు పక్కన సైకిళ్లు బాగుచేసే థియమ్ అది చూశాడు. బూన్‌తెక్‌తో బడికి పోయినవాడు, నోరు దురుసు, చెయ్యి మంచిది.

"వదినా, నీ మోకాళ్ల కిర్రు నా కొట్లోకి వినబడుతోంది. నూనె పోస్తే పోయేది కాదది. మోటారు పెడతా, తీసుకురా" అన్నాడు.

తెచ్చింది. ముందు చక్రం తీసేసి మోటారున్న చక్రం ఎక్కించాడు. బ్యాటరీ దగ్గర మాత్రం ఆలోచన లేకుండా పని చేశాడు. అతని దగ్గరున్నది ఇటుక కన్నా పెద్దది. ఆడవాళ్ల సైకిలుకు మధ్యలో గొట్టాలు కిందికి వంగి ఉంటాయి, అక్కడ అది పట్టదు. ముందు బుట్టలో పెడితే ఆ బరువుకు హ్యాండిలు గాలికి ఊగిపోతుంది. అందరికీ పెట్టినట్టే వెనక క్యారియరు మీద రెండో అంతస్తులా చట్రం బిగించి అందులోకి తోశాడు. తీసుకొచ్చి ఇంటి ముందు నిలబెట్టి, ఛార్జి రానూ పోనూ నిక్షేపంగా వస్తుందని చెప్పాడు.

మెత్త ఊడదీసి చట్రం కొక్కేనికి తగిలించి ఉంది. అమ్మ దాన్ని చూసింది, బ్యాటరీని చూసింది. మెత్త తీసుకుని దులిపి, లోపల మంచం కింద పెట్టుకుంది. అన్నాల దగ్గర, ఆల్చిప్పలంటే విసుగెత్తిందనీ, చేతులు చీరుకుపోతున్నాయనీ, ఇక ఇంటిపట్టునే ఉంటాననీ చెప్పింది. చేతులు చీరుకుపోవడం ఆమెకు కొత్తా?

పిక్‌హా ఒక్కతే పోయి వచ్చింది. సాయంత్రం మోటారు మీట నొక్కగానే సైకిలు గాలిని చీల్చుకుని నడిచింది. మోకాళ్లకు ప్రాణం లేచొచ్చింది, కాని వీపు చల్లబడింది. ఇన్నేళ్లూ అక్కడ ఒక చెంప ఉండేదని వీపుకే తెలుసు. పాకలో ఆడవాళ్లు ముసలమ్మ ఏదని అడిగితే విశ్రాంతి తీసుకుంటోందని చెప్పింది. ఆ వారమంతా ఇంట్లో మాట లేదు. ఒక పొద్దున సైకిలు బయటికి తీస్తూ వెనక్కి తిరిగి చూస్తే, అమ్మ గుమ్మంలో నిలబడి అలవాటు కొద్దీ మొహానికి గుడ్డ కట్టేసుకుంది. పిక్‌హా చూడగానే మెల్లగా ముడి విప్పుకుని లోపలికి పోయింది.

పిక్‌హా ఆ రోజు పాకకు పోలేదు. సైకిలు నేరుగా రేవుకు తిప్పింది.

వెనక ఉన్నది తీసెయ్యమంటే థియమ్ మండిపడ్డాడు. బంగారంలాంటి పని పాడుచేస్తావా అన్నాడు. వెనక నా మనిషి కూర్చోవాలని ఆమె ఒక్కటే మాట అంది. అతను గొణుక్కుంటూ అరలో వెతికి చిన్న బ్యాటరీ ఒకటి తీశాడు. చిన్న ఫ్లాస్కు అంత ఉంది.

"ఇది పడుతుంది. హ్యాండిలు మెడ కింద, గొట్టం వంగే చోట బిగించొచ్చు. కాని వదినా, ఇందులో ఏముందని? వెనక పెద్దమ్మ, ఎదురుగా ఆ గాలి. ఒకవైపుకే వస్తుంది."

"ఒకవైపుకు చాలు."

"మరి రెండో వైపు?"

"పోయేటప్పుడు నాకు బ్యాటరీ ఎందుకు థియమ్? గాలి ఊరికే తోస్తుంటే."

థియమ్ పట్టకారుతో నుదురు గోక్కున్నాడు. పుట్టిందీ పెరిగిందీ ఈ గాలిలోనే, అది తన లెక్కలోకి రాలేదేమని కాబోలు. ఓడిపోవడం ఇష్టంలేక ఇంకొకటి వేశాడు.

"ఎండాకాలంలో గాలి తిరగబడితే?"

"ఎండాకాలంలో ఆల్చిప్పలు ఎవరు ఒలుస్తారు?"

ఇక నవ్వాడు. ఎక్కేటప్పుడు కాలు తగలకూడదు కదా అని, గోడకు వేలాడే ఎండు బీరకాయను బ్యాటరీకి బదులు గొట్టానికి తాడుతో కట్టి ఆమెను ఎక్కి దిగమన్నాడు. తగిలింది. కొంచెం పైకి జరిపాడు. మళ్లీ ఎక్కింది. రేవులో వలలు బాగుచేసుకునేవాళ్లు, ఏమ్మా బీరకాయతో సైకిలు నడుస్తుందా అని కేకలేశారు. కాలు తగలని చోట సుద్దగీత పెట్టి, గొట్టం చుట్టూ పాత ట్యూబు ముక్క చుట్టి, దాని మీద రెండు ఇనప పట్టీలు వేసి బ్యాటరీ గూడు బిగించాడు. మరలకు గ్రీజు రాశాడు. ఉప్పునీరు కారి లోపలికి పోకుండా తీగ వచ్చే రంధ్రం కిందికి తిప్పాడు. క్యారియరు మీది చట్రం ఊడదీసి, పెద్దమ్మ వీపు నొప్పెడితే నన్ను తిట్టొద్దని చెప్పమన్నాడు.

మర్నాడు పొద్దున పిక్‌హా మంచం కింది నుంచి మెత్త తీసి కడుతుంటే అమ్మ వచ్చి నిలబడింది.

"నేను బరువే. మోటారు పాడైపోతుంది."

"నువ్వు బరువా? నిన్ను ఎక్కించుకోకపోతే గాలికి సైకిలు ఎగిరిపోతోందమ్మా. అందుకే ఈ వారం నేను నెమ్మదిగా వస్తున్నా."

"అబద్ధాలు నీకు చేతకావు."

"అయితే ఎక్కు."

అమ్మ మెత్త ముడి ఒకసారి లాగి చూసింది. తర్వాత గుడ్డ కట్టుకోవడానికి లోపలికి పోయింది.

పోయేటప్పుడు గాలి ఎప్పట్లాగే తోసింది. మీట జోలికి పోలేదు. పాకలో అమ్మ చుట్టూ చేరి ఆడవాళ్లు ఆమె లేని వారం కబుర్లన్నీ ఒకరి మీద ఒకరు పడి చెప్పారు. సాయంత్రం రోడ్డెక్కాక పిక్‌హా మీట నొక్కింది. చిన్న మోటారు తుమ్మెదలాగా గుయ్‌మని మొదలై ఇద్దరినీ లాక్కుపోయింది. మోకాళ్లు నెమ్మదిగా ఆడించడమే తప్ప ఆమెకు పని లేదు. వెనక నుంచి చేతులు వచ్చి నడుము చుట్టుకున్నాయి. చెంప ఆనింది.

అమ్మ మొదలుపెట్టింది. బూన్‌తెక్‌కు ఎనిమిదేళ్లప్పుడు, వాళ్ల నాన్న పడవ రాలేదని ఊరంతా రేవులో నిలబడితే, వీడు ఒక్కడే ఇంట్లో కూర్చుని నాన్నకు అన్నం వడ్డించి, ఈగలు వాలకుండా విసురుతూ ఉన్నాడట. పిక్‌హా ఎన్నడూ వినని సంగతి. దిగి తోసుకుంటూ వచ్చే రోజుల్లో ఈ దారి ఎన్ని కథలకైనా సరిపోయేది. ఇవాళ అప్పుడే ఇంటి మలుపు కనబడుతోంది. అమ్మ తలెత్తి చూసింది.

"అప్పుడే వచ్చేశామా? ఇంకా పడవ రానేలేదు" అంది.

పిక్‌హా మలుపు దగ్గర హ్యాండిలు తిప్పలేదు. బ్యాటరీ మీద దీపం ఎర్రబడుతోంది, చూసి కూడా ముందుకే పోనిచ్చింది, గాలికి ఎదురుగా.

"ఇల్లు దాటిపోయింది పిల్లా."

"పోనీలే. పడవ వచ్చిందా లేదా చెప్పమ్మా."