ఒకే రోజు, రెండు పేర్లు: ఎర్రగట్టుపాడు వేదసాక్షుల పండుగ

మా నానమ్మ పేరు ఫెలిసితమ్మ. రేషన్ షాపులోగానీ ఆస్పత్రిలోగానీ ఆ పేరును తిన్నగా పలికినవాళ్లు లేరు. "పెళ్లిసీతమ్మ ఎవరు?" అని పిలిస్తే నవ్వుకుంటూ లేచి వెళ్లేది. ఆమె పోయాక, అసలు ఆ పేరు ఎవరిదో తెలుసుకోవాలనిపించి కర్నూలులో మా చర్చి ఫాదర్‌ను అడిగాను. పద్దెనిమిది వందల ఏళ్ల కిందట ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజు నగరంలో, విశ్వాసం వదులుకోబోమని చెప్పినందుకు మృగాల ముందు నిలబెట్టిన ఇద్దరు యువతుల్లో ఒకామెదట. రెండో ఆమె పెర్పెతువ గొప్పింటి బిడ్డ, చంటిబిడ్డ తల్లి. ఫెలిసితమ్మ బానిస, చెరసాలలోనే ప్రసవించింది. ఆ కాలపు క్రైస్తవులు, ఇలా విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన వేదసాక్షులు చనిపోయిన రోజును పరలోకంలో వాళ్లకు పుట్టినరోజుగా భావించి, ఏటా సమాధుల దగ్గర చేరేవారు. నాలుగో శతాబ్దంలో రోము సంఘం రాసుకున్న పండుగల పట్టికలోనే మార్చి ఏడున ఈ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. "వాళ్ల పేరు మీద కడప జిల్లాలో ఒక గుడి ఉంది, పండుగనాడు వెళ్లి చూడు" అన్నారు ఫాదర్.

పండుగ రోజు తెల్లవారగానే కర్నూలులో కడప బస్సెక్కాను. నంద్యాల, ఆళ్లగడ్డ దాటి మైదుకూరు చేరడానికి నాలుగు గంటలు పట్టింది, టికెట్టు మూడు వందల లోపే. ఊరి శివార్లలో పసుపు ఉడకబెడుతున్నారు. ఆ మట్టివాసన బస్సులోకే వచ్చేసింది. స్టాండు బయట మస్తాన్ అనే ఆటో అతను దొరికాడు. బద్వేలు రోడ్డులో కొంతదూరం పోయి ఎడమకు తిరిగితే ఎర్రగట్టుపాడు.

"ఇద్దరమ్మల పండగకా మేడం? పై వీధిలో దింపాల్నా, కింది వీధిలోనా?" అని అడిగాడు.

"రెండూ ఒకే ఊరు కదా?"

"ఊరొకటే, గుడీ ఒకటే. సమాధుల దొడ్లే రెండు." పై వీధిలో రెడ్లు, కింది వీధిలో దళితులు. ముత్తాతల కాలం నుంచీ అందరూ క్రైస్తవులే, కానీ చనిపోయినవాళ్లను మాత్రం వేరువేరుగా పూడుస్తారని దారిలో చెప్పాడు.

గుడి వెనక పందిరి కింద వంట జరుగుతోంది. పెద్ద డేగిసాలో సంగటి కెలుకుతున్న రూతమ్మకు అరవై దాటి ఉంటాయి. "తపస్కాలం గదమ్మా, ఈస్టరు దాకా కోడి ల్యా. సంగటి, వంకాయ పులుసు, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి. కూర్చో, తిందువు" అంది. తింటుండగా, పందిరిలో ముందు వరసలో ఒంటరిగా కూర్చున్న తెల్లపంచె పెద్దాయన్ను చూపించింది. ఆయన పై వీధి శౌరిరెడ్డి.

"ఆయప్ప పుట్టినప్పుడే వాళ్లమ్మ సచ్చిపాయ. నాకప్పుడు నెల. మాయమ్మ మరియమ్మ వాళ్లింట్లోనే ఉండి ఇద్దరికీ పాలిచ్చి సాకింది. మొన్న క్రిస్మస్ అయినాక మాయమ్మ పోయింది. ఈ పండక్కి పై దొడ్లో ఆయమ్మ పేరు గూడా సదవమని ఆయప్ప అడిగినాడంట. వాళ్లోళ్లు ఒప్పుకోలా."

ఈ ఊళ్లో పండుగ సాయంత్రం పూజ కాగానే కొవ్వొత్తులతో సమాధులకు వెళ్తారు. ఆ గుడి ఫాదర్ ముందు పై దొడ్డికి పోయి, అక్కడివాళ్ల పేర్లు చదివి, ఆ తర్వాత కిందికి వస్తారు. అప్పటిదాకా కింది వీధివాళ్లు కాచుకుని ఉండాలి. ఆ సాయంత్రం ప్రసంగంలో ఫాదర్ ఒకే ఒక్క సంగతి చెప్పారు. మృగాల బరిలో అడవి ఆవు కుమ్మి ఫెలిసితమ్మ పడిపోతే, తానూ దెబ్బతిన్న పెర్పెతువ వెళ్లి చెయ్యిచ్చి లేపింది. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు.

ఊరేగింపు రెండు దారులు చీలే చోటికి వచ్చింది. జనం కుడివైపు గట్టెక్కుతున్నారు. శౌరిరెడ్డి ఎడమకు తిరిగాడు.

"అన్నా, యాడికి పోతాండావు?" వెనక నుంచి ఆయన చిన్నాన్న కొడుకు గట్టిగా అడిగాడు.

"మాయమ్మ కాడికి."

"పెద్దమ్మ సమాధి పైన ఉండాది గదన్నా!"

"ఆయమ్మ నన్ను కనింది. కింద ఉండే అమ్మ నన్ను బతికించింది. పేరు సదవనీకే మీకు నోరు రాకపాయ. ఒగ మాట చెప్తాండా, అందరూ ఇనండి. నేను పోయినంక నన్ను గూడా కిందనే పెట్టండి."

ముందుగా ఆయన భార్య కొంగు సర్దుకుని కిందికి నడిచింది. ఫాదర్ రెండు దారులనూ చూసి, పుస్తకం చంకలో పెట్టుకుని ఆమె వెనకే బయల్దేరారు. పై వీధివాళ్లలో ఓ పదిమంది దాకా తోడొచ్చారు. మిగతావాళ్లు, ఫాదర్ లేకుండానే, గట్టెక్కి వెళ్లిపోయారు.

మరియమ్మ సమాధికి ఇంకా సిమెంటు వెయ్యలేదు. ఎర్రమట్టి కుప్ప, కట్టె సిలువ. గాలికి శౌరిరెడ్డి కొవ్వొత్తి రెండుసార్లు ఆరిపోయింది. రూతమ్మ పక్కన కూర్చుని కొంగు అడ్డంపెడితే మూడోసారి వెలిగింది. ఫాదర్ "పునీత పెర్పెతువ, ఫెలిసితమ్మలారా" అని పిలిచి, వెంటనే మరియమ్మ పేరు చదివారు. "మా కోసం ప్రార్థించండి" అని రెండు వీధుల గొంతులూ కలిసి అన్నాయి. శౌరిరెడ్డి మట్టి మీద అరచెయ్యి ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

లేచాక రూతమ్మతో, "దప్పికైతాండాది. మీ ఇంటికాడ రవ్వన్ని నీళ్లియ్యి" అన్నాడు. ఆమె గబగబా ముందు నడిచి, గడపలోనే చెంబు అందించబోయింది. ఆయన తల వంచి గడప దాటి, లోపలికి పోయి మంచం మీద కూర్చున్నాక అందుకున్నాడు. ఆయన వెళ్లాక రూతమ్మ నాతో మెల్లగా అంది: "అరవై ఏండ్లల్లో ఆయప్ప మా ఇంట్లేకి రావడం ఇదే తొలిసారమ్మా."

తిరిగొచ్చిన రెండు వారాలకు రూతమ్మకు ఫోన్ చేశాను. శౌరిరెడ్డి కోరిక గురించి పై వీధిలో ఇంకా వాదులాడుకుంటున్నారట. పెద్దాయన మాత్రం ఆదివారం ఆదివారం కింది దొడ్డికి వస్తున్నాడట. ఆ ఊరు మారిపోయిందని నేను రాయలేను. మా నానమ్మ పేరు వెతుక్కుంటూ పోయినదాన్ని, ఆ పేరు ఎన్నడూ ఒంటరిగా లేదని తెలుసుకుని వచ్చాను. ఆనాడు ఆ పట్టిక రాసినవాళ్లు గొప్పింటామెకు ఒక రోజు, బానిసకు ఒక రోజు ఇవ్వలేదు. ఇద్దరినీ ఒకే రోజున, పక్కపక్కన రాశారు. అలా రాయడం ఆనాడు వాళ్లకు తేలికై ఉంటుందని ఇప్పుడు అనుకోవడం లేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట: మార్చి ఏడు ఆదివారమైతే తపస్కాలపు ఆదివార పూజకే ప్రాధాన్యం కాబట్టి పండుగ మరో రోజుకు మారవచ్చు, ముందే కనుక్కుని బయల్దేరండి.