తీగ పీకిన శుక్రవారం

నా చిన్నప్పుడు మా ఊళ్లో నాన్నలు శుక్రవారం నాడు ఫోనులోంచి వచ్చేవారు. మిగతా రోజులు దుబాయ్‌లో ఉండేవారు. దుబాయ్ అంటే దుబాయే కానక్కర్లేదు. మా నాన్న పనిచేసింది ఉమ్ అల్ క్వైన్‌లో, ఒక పైపుల ఫ్యాక్టరీలో. రిసీవరుకు చెవి గట్టిగా ఆనిస్తే నాన్న గొంతు వెనకాల ఒంటె నెమరు వేస్తున్న చప్పుడు కూడా వినబడేదని బళ్లో చెప్పేవాణ్ణి. ఇప్పుడు నేనూ దుబాయ్‌లోనే, ఇంటర్నేషనల్ సిటీలో మా బిల్డింగు కింద టీ తాగుతూ కూడా అదే చెబుతుంటాను. నా మాటల్లో కొంత కోసుకుని వినడం మంచిది, కెనడా ప్రభుత్వం మా డివిడెండ్లలో పన్ను కోసుకున్నట్టు. మిగిలింది నిజమే. కెనడా ఇందులోకి ఎలా వచ్చిందో చివర్లో చెబుతాను.

ఆ ఫోను పక్కింటి అక్కది. ఇంటర్ తప్పాక వాళ్ల ముందు గదిలో ఎస్టీడీ బూతు పెట్టింది. లైనుకు డిపాజిట్టు కట్టడానికి చేతిలో డబ్బు లేక, వీధిలో దుబాయ్ భార్యలందరి దగ్గరా కొంత కొంత అడిగి తీసుకుంది. బదులుగా నెలనెలా వచ్చిన ఆదాయంలో తలా ఇంత వాటా. మా అమ్మ తన కమ్మలు కుదువ పెట్టి ఇచ్చింది. నెల మొదట్లో అక్క ఆ వాటా తెచ్చి చేతిలో పెడుతుంటే, నాన్న పంపే డ్రాఫ్టు అందుకున్నప్పటికంటే ఎక్కువ మురిసిపోయేది. అది కష్టపడకుండా వచ్చిన డబ్బు కదా.

ఒక వానాకాలం పిడుగు పడి బూతులో మీటరు కాలిపోయింది. పిడుగు మా ఇంటి మీదుగా వెళ్తూ నా వైపు ఒకసారి చూసిందని నేను ప్రమాణం చేస్తాను గానీ ఆ సంగతి వదిలేద్దాం. ఆ నెల అక్క ఇచ్చిన వాటా సగానికి సగం తగ్గింది. ఆడవాళ్లంతా బూతు ముందు చేరారు. అప్పటికే బస్టాండు దగ్గర రంగు బల్బులతో కొత్త బూతు వెలిసింది. దాని యజమాని, డబ్బు పెట్టినవాళ్లకు అక్క ఇచ్చేదానికి రెండింతలు ఇస్తానని ఊరంతా చెప్పి తిరుగుతున్నాడు.

"గింత తక్కువేంది పిల్లా? బస్టాండు కాడాయన రెండింతలిస్త అంటుండు," అంది మా అమ్మ.

"పిడుగువడి మీటరు కాలింది గద చిన్నమ్మా. బాగుచేయిస్తే ఇదే మిగిలింది."

"మీటరు మేం కాల్చినమా? మా వాటా మాకియ్యి, లేకుంటే పెట్టిన పైసలన్న వాపసియ్యి."

అక్క లోపలికి వెళ్లి, ఎప్పుడూ ఇచ్చేంత తెచ్చి అందరికీ పంచింది. ఎక్కణ్ణుంచి తెచ్చావని ఒక్కరూ అడగలేదు. డబ్బు చేతిలో పడ్డాక అడిగే ప్రశ్న కాదది.

తరువాతి శుక్రవారం మా అమ్మ వంట కూడా ముగించకుండా బూతుకు వచ్చింది. నాన్నకు రెండేళ్లుగా సెలవు లేదు. పాస్‌పోర్టు దగ్గర పెట్టుకున్న యజమాని, అక్కడి మాటలో కఫీల్, ఈసారైనా దాన్ని చేతికిస్తాడో లేదో ఆ రోజు ఫోనులో తెలియాలి. మిగతావాళ్లూ బల్ల మీద సర్దుకుని కూర్చున్నారు. నేను గోడ పక్కన గోళీలు ఆడుతున్నాను. ఒక గోళీ దొర్లుకుంటూ బూతు వెనక్కి వెళ్లింది. దాని వెంట వెళ్లిన నాకు అక్క కనబడింది. కిటికీ పక్కన డబ్బాలోంచి ఫోను తీగ పీకుతోంది. నన్ను చూసి ఏమాత్రం కంగారు పడలేదు. ఒక కన్ను మూసి తెరిచి, నా చేతిలో పల్లీపట్టీ ముక్క పెట్టి, ఏమీ జరగనట్టు లోపలికి వెళ్లిపోయింది.

ఫోను మోగలేదు. నాన్న చేసే వేళ దాటింది. మా అమ్మ రెండుసార్లు లేచి రిసీవరు ఎత్తి చెవిలో పెట్టుకుని, మళ్లీ దించింది. ఒక పెద్దావిడ గట్టిగా అడగనే అడిగింది, లైనుకు ఏమైందని.

"పోయింది," అంది అక్క, గోరు గిల్లుకుంటూ.

"ఎట్ల పోతది?"

"బిల్లు కట్టకుంటే పోదా మరి? బిల్లుకని పక్కకువెట్టిన పైసలే గద మీరు మొన్న పంచుకున్నది. నేను బయటికెళ్లి తేలే, ఎవ్వరింట్ల దొంగతనం చెయ్యలే. ఆ పెట్టెల ఉన్నయే ఇచ్చిన."

 బల్ల మీద అందరూ కాస్త జరిగి కూర్చున్నారు, అక్కడ ఖాళీ లేకపోయినా. ముందు మా అమ్మే కొంగు ముడి విప్పి, తను తీసుకున్న వాటాలో ఎక్కువైన డబ్బు గల్లా పెట్టె మీద పెట్టింది. తిట్టుకుంటూనే మిగతావాళ్లూ పెట్టారు. అక్క వాటిని తీసుకుని, ఆఫీసు వాళ్లతో మాట్లాడి వస్తానని చెప్పి వెనకవైపు వెళ్లింది. ఏ ఆఫీసూ మా గోడ వెనకాల లేదన్న సంగతి అందరికీ తెలిసినా, ఆ రోజు ఎవరికీ అది తోచలేదు. అక్క తిరిగి లోపల అడుగు పెట్టీ పెట్టకముందే ఫోను మోగింది.

నాన్నే. ఎంతసేపటి నుంచి తిప్పుతున్నా తగలడం లేదనీ, వెనక వరసలో ఉన్నవాళ్లు తిడుతున్నారనీ అరిచాడు. సెలవు దొరకలేదని చెప్పాడు. అమ్మ "తెల్సింది గద, సాలు," అని పెట్టేసింది.

బిల్లు గడువు నిజానికి ఇంకా రాలేదు. వచ్చే వారం జరగాల్సినదాన్ని అక్క ఒక వారం ముందే చూపించింది, అంతే. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, పల్లీపట్టీ అందుకే పెట్టింది కదా. బస్టాండు బూతు మాత్రం బల్బులతో కొన్నాళ్లు వెలిగింది. దసరాకల్లా అక్కడ చెప్పుల దుకాణం తెరిచారు. ఆ బూతులో డబ్బు పెట్టినవాళ్లకు ఒక చెప్పు కూడా దక్కలేదు.

ఇక కెనడా. కొన్నేళ్ల క్రితం, మహమ్మారి సద్దుమణిగాక, మా కింది ఫ్లాట్లో ఉండే గోదావరి జిల్లా తమ్ముడి ఉద్యోగం ఖలాస్ అయింది. పద్నాలుగేళ్ల చాకిరీకి చేతికొచ్చిన గ్రాట్యుటీ మొత్తాన్ని ఒకే ఒక్క కెనడా ఫోను కంపెనీ షేర్లలో పెట్టేస్తానన్నాడు. మూడు నెలలకోసారి వచ్చే డివిడెండుతో ఇంటద్దె గడిపేసి, మళ్లీ ఉద్యోగం దొరికేదాకా పెళ్లాన్నీ పిల్లల్నీ ఊరు పంపకుండా ఇక్కడే ఉంచుకోవాలని అతని ఆశ. షేరు ధరలో డివిడెండు ఎంత శాతమని చూస్తే, ఆ దేశపు ఫోను కంపెనీల్లో దానిదే అన్నిటికంటే పెద్దది.

"ఫోను కంపెనీకి నష్టమేంటండి అన్నయ్యా? ఇక్కడ యాప్‌లో ఇంటికి మాట్లాడనివ్వరు, నా సగం జీతం ఫోను బిల్లులకే పోశాను. ఇన్నాళ్లూ నేను పోశాను కదా, ఇప్పుడు వాళ్లు నాకు పోస్తారు," అన్నాడు. గల్ఫ్‌లో ఉన్నవాడికి తప్ప ఇంకెవరికీ తట్టని తర్కం అది. వినడానికి ఎంత న్యాయంగా ఉందంటే నాకూ కొనాలనిపించింది.

అల్ వర్సాన్ మురుగునీటి ప్లాంటు వైపు నుంచి గాలి వీస్తోంది గనక కిటికీ మూసి, అతనికి అక్క కథ చెప్పాను. పిడుగు నన్ను చూసిన ముక్కతో సహా. తరువాత ఇద్దరం ఆ కంపెనీ లెక్కలు తెరిచి కూర్చున్నాం. మేమేమీ పండితులం కాదు, వెతికింది ఒక్కటే: పంచుతున్నది గల్లా పెట్టెలో మిగిలిందా, బిల్లుకు దాచిన సొమ్మా అని. టవర్లకూ కేబుళ్లకూ ఖర్చుపెట్టాక మిగిలినదానికంటే కంపెనీ ఎక్కువ పంచుతోంది. తేడాకు అప్పు తెస్తోంది. ఆ భయంతోనే షేరు ధర పడుతోంది. ధర పడేకొద్దీ అదే డివిడెండు శాతంలో ఇంకా పెద్దదై మెరుస్తోంది, బస్టాండు బూతు బల్బుల్లా.

తమ్ముడు చటుక్కున లేచి కిందికి వెళ్లిపోయాడు. నా మీద కోపమొచ్చిందనుకున్నాను. తరువాత తెలిసింది, గ్రాట్యుటీలో ఎక్కువ భాగం బ్యాంకులో వేసి, కొద్దిమొత్తం మాత్రం రెండు మూడు కంపెనీల షేర్లలో పెట్టాడట. దాంతో ఇంటద్దె గడవదు. ఆ వేసవిలో పెళ్లాం పిల్లలు ఊరు వెళ్లారు. ఎయిర్‌పోర్టుకు నా కారులోనే దింపాను. దారి పొడుగునా అతను వెనక సీట్లో పిల్లల మధ్యే కూర్చున్నాడు.

తరువాత కొంతకాలానికి ఆ కంపెనీ డివిడెండును సగానికి పైగా కోసేసింది. ఆ పొద్దున తమ్ముడు నా తలుపు కొట్టాడు. అప్పటికి మళ్లీ ఉద్యోగంలో చేరాడు, పిల్లల టికెట్లు కూడా బుక్ చేశాడు. గుమ్మంలోనే నిలబడి, నవ్వకుండా అన్నాడు: "మీ అక్క కెనడా వెళ్లి మరీ తీగ పీకేసిందండి."

నా దగ్గరా ఆ దేశపు ఫోను షేర్లు కొన్ని ఉన్నాయి. మూడు నెలలకోసారి డివిడెండు పడిందని ఫోను మోగుతుంది. మా ఆవిడ టీ పెట్టనా అంటుంది. నేను మాత్రం వెంటనే లేవను. ఆ డబ్బు ఏ పెట్టెలోంచి వచ్చిందో చూసుకునేదాకా, నా మనసు ఒక గోళీ వెంట గోడ వెనక్కి వెళ్లి నిలబడుతుంది. అక్కడ పక్కింటి అక్క తీగ పట్టుకుని, ఒక కన్ను మూసి, నా వైపే చూస్తుంటుంది.