ఒకే నంబరు, రెండు దర్వాజలు

మా సిస్టమ్స్ సారు పోయారు. పోయిన బుధవారం జోగిపేటలో గుండె ఆగిపోయిందట. పటాన్‌చెరు దగ్గరి మందుల కంపెనీలో ఆయన దగ్గర కంప్యూటర్ల పని నేర్చుకున్న వాళ్ళం నలుగురం. ఆయన బిడ్డ నాకు ఫోన్ చేస్తే, మిగతా ముగ్గురికీ నేను చెప్పాను. చేతులు జోడించిన బొమ్మలు పంపారు, అంతే. వాళ్ళననడానికి నాకు మొహం లేదు. నా సంగతి ఇంకా అధ్వాన్నం.

కంపెనీ ఈమెయిళ్ళన్నీ నడిపే మెయిల్ సర్వర్‌కి ఒక పాడు అలవాటుంది. లేచిన ప్రతిసారీ తన పనులకు ఇష్టమొచ్చిన పోర్టు ఎంచుకుంటుంది. పోర్టంటే మరేం లేదు, రాకపోకలకు నంబరు వేసిన దారి. సారు దాన్ని దర్వాజ అనేవారు. మేం చేరిన మొదటి వారమే ఫ్యాక్టరీ గేటు దగ్గరికి తీసుకుపోయి సెక్యూరిటీ అతన్ని చూపించారు.

"గీ అన్న ఒక్క గేటు కాడ ఉంటడు కాబట్టి కాపలా కాస్తుండు. రోజుకో దిక్కు గోడ పగలగొడితే ఏం కాస్తడు? మెయిల్ డబ్బాకు ఒక దర్వాజ, అడ్రస్ బుక్కుకు ఒక దర్వాజ. రెండూ ఖాయం చెయ్యాలె. రెండూ అలగ్ ఉండాలె, దేనిది దానికే. సమజైందా?"

నంబరు కొట్టాక ఒక్కో అంకె విడదీసి పైకి చదివేవారు. పక్కనున్న వాడు తిరిగి చెప్పాలి. చెప్పేదాకా ఎంటర్ నొక్కనిచ్చేవారు కాదు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, "గంత జల్దీ ఏంది, బస్సు పోతుందా?" అనేవారు. నాకు ఒళ్ళు మండేది.

కొత్త సర్వర్ పెట్టిన రోజు ఆయన జుమ్మా నమాజుకు వెళ్తూ, వచ్చేదాకా ఆగమన్నారు. నేను ఆగలేదు. మెయిల్‌కిచ్చిన నంబరునే అడ్రస్ బుక్కుకూ కొట్టేసి రీస్టార్ట్ చేశాను. ఒకే దర్వాజ కోసం రెండూ కొట్లాడుకున్నాయి. అడ్రస్ బుక్కు లేవనే లేదు. మెయిల్ రాయబోతే ఎవరికీ ఒక్క పేరూ దొరకదు. తనిఖీకి వచ్చిన విదేశీయులేమో పక్క గదిలో కూర్చుని, మెయిల్‌లో పంపాల్సిన కాగితాలు అడుగుతున్నారు.

పెద్ద మేనేజర్ ఊగిపోతూ వచ్చాడు. "ఎవడు చేసిండు?"

అబద్ధమెందుకు, నేను నోరు తెరవలేదు. సారు అప్పుడే వచ్చారు, టోపీ ఇంకా తల మీదే ఉంది. తెర మీద రెండు చోట్లా ఒకే నంబరు చూశారు, నన్ను చూశారు.

"నేనే సార్. గల్తీ అయింది" అన్నారు.

నెల తిరగకుండానే ఆయన కాంట్రాక్టు ఆపేశారు. ఇరవై ఏళ్ళ చాకిరీకి ఒక శాలువా కూడా కప్పలేదు దిక్కుమాలిన కంపెనీ. ఆ కుర్చీ నాకిచ్చారు. సిగ్గు లేకుండా కూర్చున్నాను. తెల్లాపూర్‌లో ఫ్లాటూ కొన్నాను. ఆయన జోగిపేటలో ఒక జిరాక్సు షాపులో జనానికి ఆన్‌లైన్ దరఖాస్తులు నింపుతూ బతికారు.

ఒకసారి అటు వెళ్ళి కలిశాను. టీ తెప్పించారు. "రెండిటికీ అలగ్ నంబర్లే పెట్టినవ్ కద?" అని అడిగి, నా మొహంలోకి చూస్తూ కాసేపు ఆగారు.

"పెట్టిన సార్" అన్నాను. టీ తాగేసి కారెక్కాను.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలోనే ఆయన బిడ్డకు అంతా చెప్పేశాను. తప్పు నాదని, కంపెనీకి కూడా రాసిస్తానని. ఆ అమ్మాయి ఏడవలేదు, తిట్టనూ లేదు.

"మాకెర్కే భయ్యా. మీరొచ్చి పోయిన దినమే మా అబ్బా చెప్పిండు. 'ఇయ్యాల నోరు తెరుస్తడనుకున్న' అన్నడు. మళ్ళొస్తరని గప్పటి సంది షాపు ముందల కారు ఆగినప్పుడల్లా లేచి చూసెటోడు."

తిరిగొచ్చేటప్పుడు ఆ షాపు తెరిచే ఉంది. ముందు కారు ఆపాను. లోపలి నుంచి ఎవరూ లేచి చూడలేదు.