కాకులను తోలిన ఆదివారం

బెల్లంపల్లి నుంచి గోదావరిఖనికి బదిలీ మీద వచ్చిన గుమాస్తా సంధ్యారాణికి కొత్త ఊరు చూడడమంటే మహా సరదా. ఆదివారమైతే చాలు, స్నేహితురాళ్లు మమత, సారికలతో ఆటో ఎక్కేస్తుంది. ఎక్కేముందు సీటు మీది బొగ్గుదుమ్మును చున్నీ కొసతో తుడుస్తుంది. దారిలో కనిపించిన ప్రతి గుట్ట పేరూ డ్రైవరును అడుగుతుంది. ఆ ఆదివారం గోదావరి ఒడ్డున పులిహోర డబ్బా తెరవగానే కాకులు మూగాయి. ఆమె చప్పట్లు కొట్టి, చున్నీ విసిరి ఒక్కదాన్నీ వాలనివ్వలేదు. తర్వాత మమతను రెండడుగులు పక్కకు జరిపి ఫోటో తీసింది. ఇంతలో ఇసుకలో నడుచుకుంటూ ఒక ముసలమ్మ వచ్చింది.

"బిడ్డా, జరసేపు కాకులను ఎల్లగొట్టకుండ్రి. మా ముసలాయన పేరున పిట్టకు పెట్టినం. పొద్దటిసంది వస్తలేడు," అని బతిమాలింది.

సంధ్యారాణి చెయ్యి దించేసింది. తండ్రి పోయినప్పుడు తానూ ఇలాగే ఎండలో, పిట్ట ముట్టేదాకా పచ్చి మంచినీళ్లు తాగకుండా కూర్చుంది. "నేను చూడలే, అవ్వా" అనబోయింది. విస్తరి చుట్టూ దండం పెట్టుకుని కూర్చున్న ఆ ముసలమ్మ ఇంటివాళ్లు ఫోటోలో పడకూడదనే కదా మమతను జరిపింది! తల ఎత్తకుండానే "కావ్, కావ్" అని పిలిచింది. అవతలి ఒడ్డుకు పోయిన కాకుల్లో ఒక్కటీ కదలలేదు.