బొట్టు పెట్టిన ఫైర్‌వాల్

2007లో నేను కడపలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి నెట్‌వర్క్ పనులు చూసేవాణ్ణి. ఉండేది మాత్రం కర్నూలులో. ఆ ఆసుపత్రిలో సీటీ స్కాన్ ఉంది గానీ, తలకు దెబ్బ తగిలిన కేసుల్లో స్కాన్ చూసి చెప్పే న్యూరోసర్జన్ హైదరాబాదులో ఉండేవారు. ఆయన తన కంప్యూటర్ నుంచే కడప స్కాన్లు చూసేలా చేయడం నాకు అప్పగించిన పని.

ఆసుపత్రికి ఇంటర్నెట్‌లో ఉన్న అడ్రసు ఒక్కటే. లోపలి కంప్యూటర్లు బయటివాళ్లకు కనబడవు. మధ్యలో కాపలా ఉండే పెట్టె ఫైర్‌వాల్. ఫలానా డాక్టరుగారు వస్తే స్కాన్ కంప్యూటర్ దగ్గరికి పంపు అని దానికి చెప్పి ఉంచాలి. మా భాషలో దాన్ని నాట్ అంటాం, అంటే నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్. రెండు లైన్లు కొట్టాను, హైదరాబాదులో స్కాన్ కనబడింది, అందరూ మెచ్చుకున్నారు. నేను కాస్త గర్వంగానే బస్సెక్కాను.

మూడు నెలల తర్వాత, ఆయుధపూజ నాటి మధ్యాహ్నం నేను భోజనానికి కూర్చుంటే స్కాన్ టెక్నీషియన్ షంషాద్‌గారు ఫోన్ చేశారు. మైదుకూరు దగ్గర ట్రాక్టర్ మీది నుంచి పడ్డ రైతును తెచ్చారట, స్పృహ లేదట. హైదరాబాదు డాక్టరుగారికి స్కాన్ తెరుచుకోవడం లేదు. కడపలోనే ఆపరేషన్ చేయాలో, తిరుపతికి తరలించాలో ఆయన చూస్తే గానీ చెప్పలేరు.

నేను అలవాటుగా ఇంటర్నెట్ వచ్చే టెలిఫోన్ లైన్‌ను తిట్టడం మొదలుపెట్టాను. ఆమె నన్ను తిట్టనిచ్చి, తర్వాత నెమ్మదిగా చెప్పారు.

"పొద్దున పూజకని మిషన్లన్నీ ఆపి, తుడిసి, బొట్లు పెట్టినాము సార్. మీ డబ్బాకు గూడా."

ముద్ద కంచంలో వదిలేసి లేచాను. ఫైర్‌వాల్‌లో కొట్టింది వెంటనే పనిచేస్తుంది, కానీ సేవ్ చేయకపోతే ఆపగానే మరిచిపోతుంది. నేను సేవ్ చేయలేదు. కరెంటు పోయినా, యూపీఎస్ పుణ్యమా అని ఇన్నాళ్లూ ఆ పెట్టె ఆగలేదు, నా తప్పు బయటపడలేదు. ఆ లైన్లలోని నంబర్లు నాకు గుర్తు లేవు, ఎక్కడా రాసుకోలేదు. బస్సులో కడప చేరేసరికి సాయంత్రమవుతుంది. సిగ్గు విడిచి ఆమెకు అదే చెప్పాను.

"ఆ పొద్దు మీరు కొట్టిందంతా చూసి రాసిపెట్టుకున్యా సార్. నోట్‌బుక్ ఈడే ఉండాది," అన్నారామె.

ఆమె చదివి వినిపించారు, నేను సరేనన్నాక కొట్టారు. సేవ్ చేసే లైను మాత్రం ఈసారి నేను చెప్పాను. పది నిమిషాల్లో స్కాన్ తెరుచుకుంది. మెదడు పైన రక్తం గడ్డకట్టింది, ప్రయాణం తట్టుకోలేడు, అక్కడే తీసేయాలని చెప్పి, హైదరాబాదు డాక్టరుగారు ఫోన్‌లోనే కడప సర్జన్‌కు దారి చూపారు. రైతు బతికాడు.

మర్నాడు నేను కడప వెళ్లేసరికి ఆసుపత్రి యజమాని షంషాద్‌గారిని నిలబెట్టి, మెషీన్లు ఎందుకు ఆపారని అడుగుతున్నారు. ఆమె నా పేరెత్తలేదు. తప్పు నాదని నేనే చెప్పాను. ఆయన, "పోనీలేప్పా, మనిషి దక్కినాడు," అన్నారు.

అప్పటి నుంచి ఎక్కడ పని ముగించినా, ఆ పెట్టెను నేనే ఒకసారి ఆపి, మళ్లీ వేసి చూసుకుని గానీ బయటికి రాను. ఆ అలవాటూ, ఆ రోజు పోకుండా మిగిలిన నా ఉద్యోగమూ ఆమె చలవే. ఎవరూ చెప్పకుండా అదంతా ఎందుకు రాసుకున్నారని వచ్చేముందు ఆమెను అడిగాను.

"మీరు కర్నూల్లో ఉంటారు. పేషెంటు ఈడ ఉంటాడు కదా సార్," అన్నారు.