నాదియాకీ తమార్‌కీ నేను కుదిర్చిన సంబంధం

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. తెలిసినవాళ్లెవరికీ చెప్పలేక, కట్టుకున్నవాడికీ చెప్పలేక, నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అది పంటి సందులో ఇరుక్కున్న పీచులాంటిది, ఏం చేస్తున్నా నాలుక అక్కడికే పోతుంది. అలాగని నిద్ర పట్టకపోవడం లాంటివేమీ లేవు. బాగానే నిద్రపోతాను. అందుకూ సిగ్గుగానే ఉంటుంది.

మేముండేది మిషిగన్‌లో, నోవైలో. మా ఆయన కార్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తారు. ఆయన వీసా మీద వచ్చినదాన్ని కాబట్టి నాకు ఉద్యోగం చేసే వీల్లేదు. ఊరికే కూర్చోలేక మనవాళ్ల పిల్లలకి సంబంధాలు కుదర్చడం మొదలుపెట్టాను. ఇది మా మేనత్త దగ్గర నేర్చుకున్న విద్య. అబ్బాయి వైపువాళ్లతో పిల్లకి వంటంతా వచ్చంటాం. పిల్ల వైపువాళ్లతో అత్తగారు ఇండియా వదిలి రాదంటాం. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు కదా! పీటల మీద కూర్చోబెడితే చాలు, తరవాత వాళ్లే సర్దుకుంటారు. నేను కుదిర్చిన జంటల్లో ఒక్కరూ విడిపోలేదు. నాకు దాంతో బాగా పొగరెక్కింది.

నాదియా, తమార్ పిల్లల స్కూల్ బస్సు ఆగేచోట నాకు స్నేహితులయ్యారు. నాదియా తండ్రిది ఈజిప్టు, తల్లిది పాలస్తీనా. ఆ తల్లి చిన్నప్పుడే, ఇజ్రాయెల్ ఏర్పడినప్పటి యుద్ధంలో, వాళ్ల కుటుంబం యాఫాలో సొంతిల్లు వదిలి పారిపోయింది. తమార్ ఇజ్రాయెల్ మనిషి. ఆమె అమ్మమ్మ యూరప్‌లో అయినవాళ్లందరినీ పోగొట్టుకుని, ఒంటరిగా ఓడెక్కి అక్కడికి చేరింది. ఇవన్నీ ఇద్దరూ విడివిడిగా నాకు చెప్పుకున్నవే. ఒకరి పిల్లని ఇంకొకరు ఈత క్లాసుకి తీసుకెళ్లేవారు. మంచులో ఒకరి కారు కూరుకుపోతే ఇంకొకరు వెనకనుంచి తోసేవారు. ఆ పాత కథల ఊసు మాత్రం ఒకరి దగ్గర ఒకరు ఎత్తేవారు కాదు.

ఈజిప్టులో జనం వీధుల్లోకి వచ్చిన చలికాలం అది. నాదియా తమ్ముడు ఆ జనంలో ఉన్నాడు. అధ్యక్షుడు దిగిపోయాడని తెలిసిన రోజు ఆమె బస్సు దగ్గరే నవ్వుతూ ఏడ్చింది, తమార్ ఆమెని గట్టిగా కౌగిలించుకుంది. అదే తమార్ మా ఇంట్లో టీ తాగుతూ, రేపు గద్దెనెక్కేవాళ్లు తమ దేశంతో ఈజిప్టుకున్న శాంతి ఒప్పందాన్ని చించేస్తే ఏమిటి గతి అని వణికిపోయింది. ఆ కౌగిలింతా నిజమే, ఆ వణుకూ నిజమే.

సరిగ్గా అప్పుడే మా ఊరి లైబ్రరీవాళ్లకి ఒక ఆలోచన వచ్చింది. ఇరుగుపొరుగున ఉండే ఒక అరబ్బు, ఒక ఇజ్రాయెలీ నలుగురి ముందూ కూర్చుని శాంతి గురించి మాట్లాడాలి. నేను ఎగిరి గంతేసి వీళ్లిద్దరి పేర్లూ ఇచ్చాను.

"మనకెందుకే ఈ గొడవ? గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది, సైలెంట్‌గా ఉండొచ్చు కదా," అన్నారు మా ఆయన. నేను వింటేనా?

ఇద్దరూ సరేనన్నారు. ఇద్దరికీ చెరో షరతు ఉంది. ఎదురుపడి అడగలేక నాచేత అడిగించారు. తన తల్లి ఇల్లు పోవడం అన్యాయమని తమార్ నలుగురిలో అనాలి, ఇది నాదియా షరతు. ఈజిప్టు కొత్త ప్రభుత్వం ఆ శాంతి ఒప్పందానికి కట్టుబడి ఉంటుందని నాదియా మాటివ్వాలి, అది తమార్ షరతు.

ముందు తమార్‌ని అడిగాను. ఆ ఇంటి సంగతి నా నోట విన్నప్పటినుంచీ తన మనసు బాగాలేదనీ, కానీ ఆ మాట నలుగురిలో అంటే ఓడ దిగిన అమ్మమ్మని దోషిగా నిలబెట్టినట్టవుతుందనీ, తనవల్ల కాదనీ చెప్పింది. నాదియా ఏమందంటే, జనం ఇన్నాళ్లకి నోరు తెరిచారు, వాళ్ల తరఫున మాటివ్వడానికి తానెవరు? యుద్ధం మాత్రం తనకీ వద్దు, తన తమ్ముడికీ వద్దు.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ జవాబులు ఎంత మంచివి! ఉన్నవి ఉన్నట్టు మోసుకెళ్లి అందించి ఉంటే ఏమయ్యేది? బహుశా కార్యక్రమం ఆగిపోయేది. లేకపోతే ఆ మాటల దగ్గరే ఇద్దరూ మొదటిసారి కూర్చుని ఏడ్చేవారేమో. నాకు మాత్రం అప్పుడవి కుదరని సంబంధంలా కనిపించాయి. నా చేతిలో సంబంధం చెడిపోవడమా? తమార్ ఒప్పుకుందని నాదియాకి చెప్పాను. నాదియా మాటిస్తుందని తమార్‌కి చెప్పాను. వేదిక ఎక్కాక వాళ్లే సర్దుకుంటారనుకున్నాను.

ఆ సాయంత్రం లైబ్రరీ హాలు నిండిపోయింది. నేను ముందు వరసలో పట్టుచీర కట్టుకుని కూర్చున్నాను. వాళ్లు మాట్లాడింది ఇంగ్లిష్‌లో, నేను మన భాషలో చెబుతున్నాను.

"ముందు తమార్ ఒక మాట చెబుతానంది. అది విన్నాక నేను మొదలుపెడతాను," అంది నాదియా.

"ఏ మాట?"

"మా అమ్మ ఇంటి గురించి. అన్యాయం జరిగిందని చెబుతానన్నావు కదా."

తమార్ ముఖం పాలిపోయింది. "నేనలా అనలేదు. ఒప్పందం నిలబడుతుందని నువ్వు మాటిస్తానన్నావు. ముందు అది చెప్పు."

"నేనా? ఆ మాట నేనెలా ఇస్తాను?"

ఇద్దరూ నా వైపు తిరిగారు. హాలంతా నా వైపు తిరిగింది. "నువ్వే కదా చెప్పావు?" అని తమార్ అడిగింది. గొంతులో కోపం లేదు, కాపాడమన్నట్టు అడిగింది.

"నాతో అన్నదే నేను చెప్పాను," అన్నాను.

అంతే. నేను అమాయకురాలినయ్యాను, వాళ్లిద్దరూ ఒకరికొకరు మాట తప్పినవాళ్లయ్యారు. వెనక వరసల్లోంచి ఒక పెద్దాయన "వీళ్లని నమ్మితే ఇంతే" అన్నాడు. ఎవరిని అన్నాడో తెలియలేదు, రెండు వైపులవాళ్లూ తలలూపారు. తరవాత అందరూ లేచి కోట్లు వెతుక్కున్నారు.

మర్నాడు తమార్ ఫోన్ చేసి, నాదియా నిజంగా ఆ మాట ఇచ్చిందా అని అడిగింది. ఇచ్చిందన్నాను. నాదియా అడిగినప్పుడూ అంతే. మొదటి అబద్ధానికి కనీసం మంచి ఉద్దేశమని పేరు పెట్టుకోవచ్చు. దీనికేం పేరు పెట్టను? పిరికితనం. నా పరువు పోకూడదని వాళ్ల పరువు తీశాను. ఈత క్లాసులు ఆగిపోయాయి. బస్సు దగ్గర ఇద్దరూ చెరోపక్క నిలబడేవారు, నేను మధ్యలో నిలబడి ఇద్దరితోనూ నవ్వుతూ మాట్లాడేదాన్ని. తరవాత తమార్‌వాళ్లు ఇజ్రాయెల్ వెళ్లిపోయారు.

నిరుడు వేసవిలో గాజా మీద బాంబులు పడ్డాయి. నాదియా పిన్ని కుటుంబం అక్కడుంది. రెండు రోజులుగా వాళ్ల ఫోన్లు మోగడం లేదంటే పులిహోర చేసి తీసుకెళ్లాను. చేతకానప్పుడు మనం చేసేది అదే కదా, వంట. నాదియా ఫోన్ తీసి ఒక మెసేజ్ చూపించింది. తమార్ పంపింది. మీవాళ్లు క్షేమమా, ఇక్కడ సైరన్లు మోగుతున్నాయి, నువ్వే గుర్తొస్తున్నావు అని ఉంది.

"జవాబివ్వనా? అంతమందిలో నన్ను అబద్ధాలకోరుని చేసిన మనిషి. నువ్వే చెప్పు," అంది నాదియా.

నోరు తెరిచాను. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అనుకున్నాను కూడా. "నీ ఇష్టం," అన్నాను. ఆమె నా ఎదురుగానే ఆ మెసేజ్ తీసేసింది. పిన్ని కుటుంబంలో ఇద్దరు పోయారని ఆ వారంలోనే తెలిసింది. ఆ కబురు తమార్‌కి ఎవరూ చెప్పలేదు.

నేను నిజం చెప్పినంత మాత్రాన బాంబులు ఆగేవా? ఆగవు, అంత వెర్రిదాన్ని కాను. కానీ ఆ రోజు ఒక మనిషి చెయ్యి చాచింది, ఇంకో మనిషి అందుకునేది. నాదియా ఇప్పటికీ మా వీధిలోనే ఉంది. ఇది రాశాక ఆమె తలుపు తడతానని మీకు మాటివ్వను. నా మాటల విలువ మీకు తెలిసిపోయింది. ఎక్కడో ఒకచోట ఉన్నది ఉన్నట్టు ఒక్కసారి చెప్పాలని ఉంది, అంతే.

తమార్ ఒప్పుకోలేదు. నాదియా మాటివ్వలేదు. ఇద్దరూ నాకు నిజమే చెప్పారు.