గోలీలు వేసిన సీసా

మా మామకు, అంటే మా ఆయన నాన్నకు, ఒకప్పుడు కర్నూలులో ఫోటో స్టూడియో ఉండేది. అది మూసేశాక ట్రేలూ సీసాలూ ఇంటికి తెచ్చి, వెనక బాత్‌రూమ్‌ను డార్క్‌రూమ్ చేసుకున్నారు. ఇప్పటికీ ఫిలిం మీదే ఫోటోలు తీస్తారు. దానికి నేనెప్పుడూ అడ్డు చెప్పలేదు. గొడవ ఫ్రిజ్ దగ్గర మొదలైంది.

ఫిలిం కడిగే డెవలపర్‌కు గాలీ వేడీ పడవు. గాలి తగిలితే టీ డికాక్షన్ రంగుకు తిరిగి చచ్చిపోతుంది. అందుకని మామ దాన్ని గాజు సీసాలో పోసి, మట్టం తగ్గినప్పుడల్లా పిల్లలాడే గోలీలు వేస్తారు. ద్రవం మూతిదాకా లేచాక మూత బిగిస్తారు. ఇక గాలికి చోటుండదు. ఆ సీసాను ఫ్రిజ్‌లో మంచినీళ్ల సీసాల పక్కన పెట్టేవారు. చల్లదనానికి అడుగున పలుకులు కడితే, గిన్నెలో వేడినీళ్లు పోసి, సీసా నిలబెట్టి, అవి కరిగేదాకా తిప్పేవారు. ఆ గిన్నె మా పాపకు పాలు కాచేది.

నేను కడపలో కెమిస్ట్రీ చదువుకున్నాను. ఆ మందులో ఏముందో నాకు తెలుసు.

"మామా, దాన్ని తిండి పక్కన పెట్టొద్దు. పాప తాగితే?"

"నలభై ఏండ్లు ఈ మందుల్లోనే చేతులు పెట్టినా. సచ్చినానా? నువ్వు బుక్కులో సదివినావు, నేను దాంతో బతికినా."

మా ఆయన చెప్పులేసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు.

మూడేళ్ల పాపకు సోడా బండి దగ్గర గోలీసోడా అలవాటు చేసింది కూడా ఈ మామే. మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. నేను విసనకర్ర వెతుకుతుంటే పాప ఆ సీసాను రెండు చేతులా పట్టుకుని వచ్చింది. లోపల గోలీలు గలగలమంటున్నాయి.

"అమ్మా, సోడా. కొట్టియ్యి."

మూత బిగువుగా ఉండబట్టి సరిపోయింది.

"ఈ ఇంట్లో నేనన్నా ఉండాల, ఆ సీసా అన్నా ఉండాల," అన్నాను మామతో.

"అట్లయితే బ్యాగు సర్దుకో. సీసా యాడికీ పోదు."

మర్నాడు ఆయన క్షవరానికి వెళ్లగానే చేతి తొడుగులు వేసుకుని గోలీలన్నీ తీసేశాను. మందును మళ్లీ ఆ సీసాలోనే పోసి అటక ఎక్కించాను. సగం సీసా గాలే. అటక మీది వేడికి అది వారం కూడా బతకదని తెలుసు. చావాలనే పెట్టాను. గోలీలను నీళ్ల మగ్గులో వేసి పెరటి కొళాయి కింద వదిలి, తొడుగులు తీయడానికి లోపలికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి మగ్గు బోర్లా పడి ఉంది. పాప బుగ్గ ఒకవైపు ఉబ్బి ఉంది.

నేను కదల్లేకపోయాను. అప్పుడే గేటు తీసుకుని వచ్చిన మామ పాపను ముంజేతి మీద బోర్లా వేసి వీపు మీద చరిచారు. గోలీ బండ మీద పడి దొర్లింది. నోరు ఎన్నిసార్లు కడిగించారో. ఆటోలో డాక్టర్ దగ్గరికి పరుగెత్తాం. ఏమీ కాలేదన్నారు.

తిరిగొస్తూ మామ నా వైపు చూడకుండానే అన్నారు: "నేను సీసాలో పెట్టినా. నువ్వు చేతికిచ్చినావు."

"ఫ్రిజ్‌లో పెట్టింది ఎవురు?" అన్నాను.

వారం తర్వాత ఆయన అటక మీది సీసా దించి, ఎప్పటిలాగే కొత్త రీలు కడిగేముందు ఫిలిం కొసను కత్తిరించి వెలుతురులోనే మందులో ముంచారు. మందు బతికుంటే ఆ ముక్క నల్లబడాలి. పది నిమిషాలైనా నల్లబడలేదు. తడి ముక్కను నా ముందు పట్టుకున్నారు.

"సంపినావు."

"అవును మామా."

కొత్త మందు కలుపుకున్నారు. కానీ సీసా మళ్లీ ఫ్రిజ్ ఎక్కలేదు. డార్క్‌రూమ్ నేల మీద పాత ఇనప పెట్టె, చల్లదనానికి దాని మీద తడి గోనెసంచి. పెట్టెకు రెండు గొళ్లాలు. ఒకదానికి ఆయన తాళం వేశారు. రెండోదానికి నేను వేశాను.

"ఇదేందిమ్మే?"

"నా తాళం."

సీసా మీద కాగితం అంటించి 'విషం' అని రాసింది నేను. దాని కింద మందు కలిపిన తేదీ వేసింది ఆయన. గోలీలు కూడా ఆ పెట్టెలోనే ఉంటాయి.

ఇప్పుడు ఫిలిం కడగాలంటే మామ వంటింటి గడప దగ్గర నిలబడి "మ్మే, తాళం" అంటారు. మా మధ్య మిగిలిన మాటలు దాదాపు అవే. నేను వెళ్లి తీస్తాను. ఆయన పని అయ్యేదాకా బయట నిలబడతాను. పెట్టె మూశాక ఆయన నా తాళాన్ని ఒకసారి గుంజి చూస్తారు. నేను ఆయనది గుంజి చూస్తాను.